ఆదివారం రిపేరుకా, షికారుకా?

రెండే సీట్లు, మడిచి వెనక్కి పడేసే టాప్, వెనక చక్రాలకు పవరు. ఇలాంటి కారు, అంటే రోడ్‌స్టర్, ఒకటి కొనాలని మనసుపడ్డవాళ్లకు ఇంచుమించు ఒకే బడ్జెట్‌లో రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి 1960, 70ల నాటి క్లాసిక్: ఎంజీబీ, ట్రయంఫ్ టీఆర్6, అల్ఫా రోమియో స్పైడర్ లాంటివి. రెండోది పదీ పదిహేనేళ్ల నుంచి పాతికేళ్ల దాకా వయసున్న సెకండ్ హ్యాండ్ రోడ్‌స్టర్: మాజ్డా ఎంఎక్స్-5, బీఎండబ్ల్యూ జెడ్4, పోర్షా బాక్స్‌స్టర్ లాంటివి. ఫొటోలో చూస్తే పాతదే గెలుస్తుంది. క్రోమ్ బంపరు, తీగల చక్రాలు, గుండ్రటి మీటర్లు చూశాక మనసు మళ్లించుకోవడం కష్టం. కాగితం మీద లెక్క వేస్తే మాత్రం కొత్తదే గెలుస్తుంది. అందుకే ఈ వాదన ఎక్కడా తెగదు.

తెగకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అందరూ ఏది మంచి కారు అని అడుగుతారు. రెండూ చెడేవే. తేడా అంతా చెడే తీరులో ఉంది. పాత కారు రోజూ కొంచెం కొంచెంగా, కళ్లెదుటే చెడుతుంది. పానా పట్టడం వచ్చినవాళ్లెవరైనా దాన్ని బాగు చేసుకోవచ్చు. కొత్తది ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా తిరిగి, ఒకరోజు అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ డబ్బా ఒకటి పోయి, ఉన్నచోటే ఆగిపోతుంది. ఈ రెండు తలనొప్పుల్లో ఏది భరించగలమో ముందు తేల్చుకోవాలి. హార్స్‌పవర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నిజానికి ఈ రెండు రకాలూ పోటీదారుల్లా కనిపిస్తాయి గానీ వరసకు తాతా మనవళ్లు. ఎంజీబీ 1962లో మొదలై 1980లో ఆగిపోయింది. ట్రయంఫ్ టీఆర్7 ఆ మరుసటి ఏడే మూతపడింది. అందుబాటు ధరలో చిన్న రోడ్‌స్టర్ అనే మాటే మార్కెట్లో వినపడకుండా పోతున్న రోజుల్లో, 1989 ఫిబ్రవరిలో మాజ్డా తన ఎంఎక్స్-5ను షికాగో ఆటో షోలో చూపించింది. 1.6 లీటర్ల ఇంజన్, సుమారు 115 హార్స్‌పవర్, టన్ను లోపు బరువు. 1960ల బ్రిటిష్ రోడ్‌స్టర్ లోటస్ ఎలాన్ పోలికలు దాచే ప్రయత్నం కూడా ఎవరూ చేయలేదు. పాత బ్రిటిష్ రోడ్‌స్టర్ ఇచ్చే సరదా అంతా ఉండాలి, నేల మీద ఆయిల్ మరక మాత్రం పడకూడదు, అంతే వాళ్ల లెక్క. ఆ లెక్క ఎంత బాగా కుదిరిందంటే 2016 ఏప్రిల్ నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. కాబట్టి "పాతవాటి మజా కొత్తవాటికి ఎక్కడిది" అనేవాళ్ల మాటను సగమే నమ్మాలి. ఆ మజా ఎలా ఉంటుందో చూసి, నేర్చుకుని కట్టిన కారే అది.

పొద్దున్నే సెల్ఫ్ కొట్టేటప్పుడు

మిగతా సగం ఎక్కడుందో తెలియాలంటే చల్లటి పొద్దున ఎంజీబీని స్టార్ట్ చేసి చూడాలి. తాళం మొదటి మెట్టుకు తిప్పగానే ముందు వినిపించేది ఇంజన్ కాదు. వెనక వైపు నుంచి టిక్ టిక్ టిక్ అని కరెంటు పెట్రోల్ పంపు కొట్టుకుంటుంది. రెండు కార్బ్యురేటర్ల గిన్నెలూ నిండాక ఆ చప్పుడు నెమ్మదించి ఆగుతుంది. అప్పుడు చోక్ లాగి సెల్ఫ్ కొట్టాలి. ఇంజన్ అందుకున్నాక, వేడెక్కేకొద్దీ చోక్‌ను కొంచెం కొంచెంగా లోపలికి నెట్టాలి. తొందరపడి నెడితే ఆగిపోతుంది, మరిచిపోయి వదిలేస్తే నల్లటి పొగ, పెట్రోల్ కంపు. ఎప్పుడైనా ఆ టిక్ టిక్ వినిపించకపోతే పంపు మీద పానాతో రెండు దెబ్బలు వేయడం దశాబ్దాలుగా నడుస్తున్న చిట్కా. పంపు లోపల కరెంటు కలిపి విడదీసే పాయింట్లు మాడి అంటుకుపోతాయి, దెబ్బకు విడిపోతాయి. అది రిపేరు కాదు, ఇంటికి చేర్చే ఉపాయం మాత్రమే.

కదిలాక కూడా ఆ కారు మనిషికి పని పెడుతూనే ఉంటుంది. 1967 దాకా వచ్చినవాటిలో మొదటి గేరుకు సింక్రోమెష్, అంటే గేరు పళ్ల వేగాలను కలిపి మెత్తగా పడేలా చేసే ఏర్పాటు, లేదు. బండి పూర్తిగా ఆగకుండా ఫస్ట్ గేరు వేయబోతే పళ్లు కొరికినట్టు శబ్దం వస్తుంది. స్టీరింగ్‌కు పవర్ సాయం లేదు కాబట్టి పార్కింగ్‌లో భుజాలు పనిచేయాలి. 1,798 సీసీ ఇంజన్ ఇచ్చేది 95 హార్స్‌పవర్. ఇప్పటి మామూలు ఫ్యామిలీ కారు కూడా సిగ్నల్ దగ్గర దీన్ని దాటేస్తుంది. అయినా సీటు నేలకు అంత దగ్గరగా, గాలి మొహం మీద కొడుతూ, సైలెన్సర్ మోత వెనకాలే వస్తుంటే గంటకు 70 కిలోమీటర్లే వందకు పైన ఉన్నట్టనిపిస్తుంది. పాత కారు గొప్పతనమంతా ఇక్కడే ఉంది. చట్టం దాటకుండానే వేగం రుచి తెలుస్తుంది.

ఎంఎక్స్-5 సంగతికొస్తే, తాళం తిప్పితే స్టార్ట్ అవుతుంది. దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు. చిన్న గేరు రాడ్డు మణికట్టు కదిలిస్తే చాలు పడిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒంటి చేత్తో టాప్ వెనక్కి వేసేయొచ్చు. కాకపోతే మొదటి తరంలో వెనక అద్దం ప్లాస్టిక్‌ది కాబట్టి, ముందు దాని జిప్ విప్పి పడుకోబెట్టి ఆ తర్వాత టాప్ మడవాలి. ఆ జాగ్రత్త తీసుకోని ఓనర్ ఎవరో అద్దం మధ్యలో తెల్లగా పడ్డ మడత గీత చూస్తే తెలిసిపోతుంది. 1998లో వచ్చిన రెండో తరం నుంచి గాజు అద్దం వచ్చింది.

ఇదే కోవలో మరో అంచున హోండా ఎస్2000 ఉంది. రెండు లీటర్ల ఇంజన్, టర్బో లేకుండానే 240 హార్స్‌పవర్, రెడ్‌లైన్, అంటే ఇంజన్ తిరగగల గరిష్ఠ వేగం, 9,000 ఆర్‌పీఎం. 1999 నుంచి 2009 దాకా వచ్చిన ఈ కారు అసలు మజా ఆరు వేలు దాటాకే మొదలవుతుంది. అది రోడ్డు మీద వాడగలిగింది చాలా తక్కువ. ఎంజీబీతో పోలిస్తే ఇదొక వింత: మూడో వంతు వేగంలో ఉన్న పాత కారు డ్రైవర్ మొహం మీద నవ్వు ఉంటుంది, కొత్త కారు డ్రైవర్ ఖాళీ రోడ్డు కోసం ఎదురుచూస్తుంటాడు.

పైన పటారం, లోన లొటారం

పాత కారు కొనేటప్పుడు ఇంజన్ చూసి మురిసిపోవడం అందరూ చేసే తప్పు. ఇంజన్ విప్పొచ్చు, బోరు చేయించొచ్చు, మొత్తంగా మార్చేయొచ్చు. బాడీ అలా కాదు. ఎంజీబీకి విడిగా చాసిస్ లేదు. బాడీ రేకులే బరువంతా మోస్తాయి. పైన టాప్ లేదు కాబట్టి ఆ బరువులో చాలా భాగం తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే పెట్టెలాంటి భాగం మీద పడుతుంది. దాన్ని సిల్ అంటారు. అది ఒక్క రేకు కాదు, బయట ఒకటి, లోపల ఒకటి, మధ్యలో ఇంకొకటి ఉంటాయి. తుప్పు లోపలి నుంచి బయటికి తింటుంది. అమ్మేవాడు బయటి రేకు ఒక్కటీ కొత్తది అతికించి, పుట్టీ పెట్టి, రంగు కొట్టిస్తే ఫొటోలో కారు పెళ్లికూతురిలా ఉంటుంది. లోపలి రేకు మాత్రం అప్పడంలా ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం ఒకటి చాలు. తలుపు కింది అంచు, సిల్, చక్రాల పైన వంపులు, హెడ్‌లైట్ల వెనక భాగం అంతటా జరుపుతూ పోతే, పుట్టీ మందంగా ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. తర్వాత తలుపు సందు చూడాలి. తలుపుకీ దాని వెనక రేకుకీ మధ్య సందు పై నుంచి కింది దాకా ఒకేలా ఉండాలి. పైన ఇరుకైపోయి కింద వెడల్పైతే కారు నడుము కుంగిందని అర్థం. కారును జాకీ మీద ఎత్తగానే తలుపు తీయడానికి మొరాయిస్తే ఇక బేరం ఆడాల్సిన పని కూడా లేదు, వెనుదిరగొచ్చు.

టీఆర్6కు విడిగా చాసిస్ ఉంటుంది కాబట్టి ఈ బెడద లేదనుకుంటే పొరపాటే. అక్కడ తుప్పు చాసిస్ వెనక భాగంలో, సస్పెన్షన్ బిగించేచోట దాక్కుంటుంది. ఆ కారు ఇంజన్‌కు ఇంకో పేరుమోసిన జబ్బు ఉంది. క్లచ్ తొక్కిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ముందుకు జరగకుండా ఆపే అర్ధచంద్రాకారపు వాషర్లు అరిగిపోయి, ఒక్కోసారి జారి కింద ఆయిల్ సంపులో పడిపోతాయి. ఒకరు క్లచ్ తొక్కి వదులుతుంటే ఇంకొకరు ముందు పుల్లీని చూడాలి. పుల్లీ ముందుకీ వెనక్కీ కంటికి కనిపించేంతగా కదిలితే లోపల ఇంజన్ బ్లాకే దెబ్బతిని ఉండొచ్చు. నిమిషం పట్టని ఈ పరీక్ష పెద్ద ఖర్చును తప్పిస్తుంది. అయినా కొనడానికి వెళ్లినవాళ్లలో చాలామంది ఆ నిమిషం రంగు చూస్తూ గడిపేస్తారు.

ఇంధనం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ ఇంజన్లు సీసం కలిపిన పెట్రోల్ కాలంలో తయారైనవి. వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే సీట్ల మీద సీసం పల్చటి పొరలా పనిచేసేది. అది పోయాక గట్టి సీట్లు వేయించని ఇంజన్ హెడ్‌లో, ముఖ్యంగా వేగంగా ఎక్కువసేపు నడిపితే, వాల్వులు లోపలికి దిగబడతాయి. పైగా ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడి పగుళ్లిస్తాయి. వేడి ఇంజన్ పక్కన పెట్రోల్ పైపు పగలడం అంటే ఏమిటో వివరించక్కర్లేదు. హెడ్‌కు గట్టి సీట్లు పడ్డాయా, పైపులన్నీ ఈ మధ్య మార్చినవేనా అన్న రెండు ప్రశ్నలకూ బిల్లులు చూపించగలిగిన ఓనర్ దొరికితే ఆ కారుకు కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

నీళ్లు పోయే దారి

కొత్త తరం రోడ్‌స్టర్లకు తుప్పు పట్టదని ఒక నమ్మకం ఉంది. ఎంఎక్స్-5 మొదటి రెండు తరాలు ఆ నమ్మకాన్ని బాగానే చెడగొట్టాయి. టాప్ మీద పడ్డ వాన నీళ్లు సీట్ల వెనక, రెండు పక్కలా ఉన్న చిన్న రంధ్రాల గుండా కిందికి పోవాలి. ఆ దారి సిల్ వెనక చివర పక్కగా దిగుతుంది. చెట్ల కింద పెట్టిన కారులో ఆకులు, మట్టి చేరి ఆ రంధ్రం మూసుకుంటే నీళ్లు పొర్లి కార్పెట్ కిందికీ, సిల్ లోపలికీ చేరతాయి. వెనక చక్రం ముందు, సిల్ చివర రంగు చిన్న బుడగలా లేచిందంటే లోపల పని ఎప్పుడో అయిపోయింది. చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక నీళ్ల సీసా పట్టుకెళ్తే చాలు. రంధ్రంలో పోసి, కారు కింద ఎంతసేపటికి ధార పడుతుందో చూడాలి. ధార పడకుండా చుక్కలే రాలితే ఆ కారు కథ అర్థమైనట్టే.

ఇదే నిర్లక్ష్యం బీఎండబ్ల్యూ జెడ్4 మొదటి తరంలో ఇంకా ఖరీదైన ముచ్చట. 2002 నుంచి 2008 దాకా వచ్చిన ఆ కారులో టాప్‌ను కదిలించే హైడ్రాలిక్ మోటారును, నీళ్లు బయటికి పోయే దారి ఉన్న గుంటలోనే అమర్చారు. దారి మూసుకుపోతే గుంట నిండుతుంది, మోటారు మునుగుతుంది, టాప్ సగంలో ఆగిపోతుంది. మోటారు విప్పాలంటే టాప్ అంతా వదులు చేయాలి. అందుకే చాలామంది కొత్త మోటారు వేయించేటప్పుడు దాన్ని డిక్కీలోకి మార్పించుకుంటారు. ఒక కారు గురించి ఇంతమంది ఓనర్లు ఒకే మార్పు చేయించుకుంటున్నారంటే తప్పు ఓనర్లది కాదు, డిజైన్‌ది.

పోర్షా బాక్స్‌స్టర్ విషయంలో కొనేవాళ్లకు నిద్ర పట్టనివ్వనిది ఒక బేరింగ్. 1996లో వచ్చిన మొదటి తరం నుంచి 2008 దాకా తయారైన ఇంజన్లలో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టుల గొలుసులను నడిపే ఒక మధ్య షాఫ్ట్ ఉంటుంది. దాని చివర సీలు చేసిన బేరింగ్. సీలు దెబ్బతిని లోపలి గ్రీజు కొట్టుకుపోతే బేరింగ్ అరిగి విడిపోతుంది. టైమింగ్ తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఇంజన్ మొత్తం పోతుంది. అన్ని కార్లకూ ఇలా జరగదు, ఎక్కువ కార్లు ఏ గొడవా లేకుండానే తిరుగుతున్నాయి. జరిగినప్పుడు మాత్రం ఇంజన్ ఖర్చు కారు ధరను మించిపోవచ్చు. 2009 మోడల్ నుంచి కొత్త ఇంజన్లలో ఆ షాఫ్టే తీసేశారు. అంతకు ముందు కారు కొనాలంటే, క్లచ్ మార్చినప్పుడు బేరింగ్ కూడా మార్చినట్టు బిల్లు ఉన్నది వెతుక్కోవడం మేలు. ఎందుకంటే రెండు పనులకూ గేర్‌బాక్స్ దించాల్సిందే. బిల్లు లేకపోతే ఆయిల్ ఫిల్టర్ తీయించి, దాని కాగితం మడతలు విప్పి వెలుతురులో చూడాలి. తళుక్కుమనే లోహపు పొడి కనిపిస్తే, ఎంత అందమైన కారైనా నమస్కారం పెట్టి వచ్చేయడమే.

ఎంఎక్స్-5లోనూ ఇలాంటి చిన్న చిక్కు ఒకటుంది గానీ అంత భయంకరం కాదు. 1989 నుంచి 1991 మధ్య వచ్చిన తొలి 1.6 ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ ముక్కు పొట్టిది. టైమింగ్ బెల్టు మార్చినప్పుడు బోల్టు సరిగ్గా బిగించకపోతే అక్కడ అరిగి వదులవుతుంది. బానెట్ ఎత్తి ముందు పుల్లీలో సందులు లెక్కపెడితే ఏ రకమో తెలుస్తుంది: నాలుగు ఉంటే పొట్టి ముక్కు, ఎనిమిది ఉంటే పొడవుది. పొట్టిదైనంత మాత్రాన కారు వదులుకోనక్కర్లేదు, బెల్టు పని ఎవరు చేశారో అడగాలి.

ఇక కంప్యూటర్లు. పాత కారులో వైరింగ్ అంతా ఒక కాగితం మీద గీయొచ్చు. కొత్తదానిలో ఏబీఎస్‌కు ఒక డబ్బా, ఎయిర్‌బ్యాగ్‌కు ఒకటి, టాప్‌కు ఒకటి, తాళాలకు ఒకటి. డయాగ్నొస్టిక్ పోర్టుకు తగిలించి, కారు నమోదు చేసుకున్న లోపాల కోడ్‌లు చదివే చవక రీడర్ ఒకటి జేబులో ఉంటే చాలా విషయాలు బయటపడతాయి. అమ్మేవాడు ముందు రోజు రాత్రి కోడ్‌లన్నీ చెరిపేసి ఉండొచ్చు. అప్పుడు కారు తన లోపలి పరీక్షలు ఇంకా పూర్తి చేయలేదని ఆ రీడరే చూపిస్తుంది. తప్పేమీ లేదని చెప్పే కారు కన్నా, ఏమీ గుర్తులేదని చెప్పే కారును ఎక్కువ అనుమానించాలి.

నడివయసు కారు ఇరకాటం

స్పేర్ పార్ట్స్ దగ్గరికొస్తే లెక్క తలకిందులవుతుంది. కొత్త కారు పార్టు సులువుగా, పాత కారు పార్టు కష్టంగా దొరకాలి కదా. ఎంజీబీ విషయంలో అలా కాదు. మొత్తం అయిదు లక్షలకు పైగా తయారైన కారు అది. కొనేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి చేసేవాళ్లూ ఉన్నారు. కార్బ్యురేటర్ సూది నుంచి సీటు తొడుగు దాకా కొత్తవి దొరుకుతాయి. అంతెందుకు, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988 నుంచి ఎంజీబీ మొత్తం బాడీనే అసలు అచ్చులతో మళ్లీ తయారు చేస్తోంది. అంటే ఫ్యాక్టరీ మూసేసిన ఎనిమిదేళ్లకు కొత్త బాడీ మార్కెట్లోకి వచ్చింది.

అసలు ఇరకాటం నడివయసు కార్లది. పదిహేను నుంచి పాతికేళ్ల మధ్య ఉన్న రోడ్‌స్టర్‌కు కంపెనీ పార్టులు ఒక్కొక్కటే ఆపేస్తుంటుంది. క్లాసిక్ అన్న పేరు ఇంకా రాలేదు కాబట్టి బయటివాళ్లు తయారు చేయడం మొదలుపెట్టలేదు. బ్రేక్ ప్యాడ్లకూ, ఫిల్టర్లకూ లోటుండదు. టాప్ కంట్రోల్ డబ్బా, ఫలానా ఆకారంలో వంగిన ప్లాస్టిక్ ముక్క, హెడ్‌లైట్ మొత్తం సెట్టు, ఇవే దొరకవు. లోహపు పార్టు ఏదైనా లేత్ మీద చెక్కించుకోవచ్చు. ప్రోగ్రామ్ ఎక్కించిన చిప్‌ను చెక్కించుకోలేం. తుక్కులోకి పోయిన ఇంకో కారు నుంచి తీసిందే దిక్కు, అది ఈ కారును గుర్తుపడుతుందో లేదో అదొక టెన్షన్. ఈ ఇరకాటం లోంచి బయటపడుతున్న కారు కూడా ఎంఎక్స్-5యే. మొదటి తరం కార్లను పునరుద్ధరించే పథకాన్ని, కొన్ని పార్టులను మళ్లీ తయారు చేయడాన్ని మాజ్డాయే 2017లో జపాన్‌లో ప్రకటించింది. సంఖ్య ఎక్కువ తయారైన కారును కొనడంలో ఉన్న లాభం ఇదే. అరుదైన కారు పక్కింటివాళ్లకు గొప్పగా కనిపిస్తుంది గానీ మెకానిక్‌కు కాదు.

మెకానిక్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. కార్బ్యురేటర్లు రెండింటినీ చెవితో, చిన్న రబ్బరు గొట్టంతో సమానంగా ట్యూన్ చేయగలిగేవాళ్లు తగ్గిపోతున్నారు. ల్యాప్‌టాప్ తగిలించి చూసేవాళ్లు ఎక్కడైనా ఉన్నారు. పాత కారు కొనాలంటే ముందు కారు కాదు, అలాంటి చెయ్యి ఒకటి వెతుక్కోవాలి. లేదా ఆ చెయ్యి మనదే కావాలి. నేర్చుకోలేనంత విద్యేమీ కాదు. కార్బ్యురేటర్ మూత విప్పి నాలుగు చుక్కల ఆయిల్ పోయడం, ప్లగ్గులు తీసి రంగు చూడడం, ఇగ్నిషన్ పాయింట్ల సందు కొలవడం, స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రాలకు ఇరుసుల్లా పనిచేసే కింగ్‌పిన్‌లకు గ్రీజు కొట్టడం, వీటికి ఓపిక కావాలి గానీ డిగ్రీ అక్కర్లేదు. గ్రీజు కొట్టడం రెండేళ్లు మరిచిపోతే మాత్రం ఆ కింగ్‌పిన్‌లు మరిచిపోవు.

ఢీకొన్నప్పుడు

దీని గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. 1960ల రోడ్‌స్టర్‌లో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, స్టెబిలిటీ కంట్రోల్ లేదు. కారు తిరగబడితే తలను కాపాడేది ముందు అద్దం ఫ్రేము ఒక్కటే, అది కూడా అందుకోసం కట్టింది కాదు. చాలావాటికి ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు. చుట్టూ తిరిగే ఇప్పటి కార్లు దీనికన్నా చాలా తక్కువ దూరంలో ఆగుతాయి, ఎత్తులోనూ దీనికన్నా పైనే ఉంటాయి. మూడు పాయింట్ల బెల్టులు, మంచి టైర్లు, వీలైతే తిరగబడినప్పుడు తలను కాచే రోల్ బార్ వేయించుకోవడం వల్ల కొంత మేలే గానీ తేడా పూడదు. రోజూ ట్రాఫిక్‌లో ఆఫీసుకు తిరిగే పని ఉంటే, పిల్లల్ని ఎక్కించుకునే ఆలోచన ఉంటే, పాత కారు ఆ పనికి తగదు. ఈ ఒక్క విషయంలో రెండో మాట లేదు.

ధర గురించి

అమ్మకపు ధర చూసి ఖర్చు అంచనా వేయడమే మొదటి మోసం. పాత కారు తరుగుదల ఎప్పుడో అయిపోయింది, ఇక విలువ పడదు అనే మాట నిజమే. కానీ తుప్పు పట్టిన కారును చవకగా కొని, టింకరింగ్, పెయింటింగ్, ఇంజన్ పని, సీట్లు, వైరింగ్ అన్నీ చేయిస్తే అయ్యే ఖర్చు, బాగు చేసిన కారు మార్కెట్ ధరను దాటిపోవడం చాలా మామూలు. ఎంజీబీ లాంటి ఎక్కువగా దొరికే కార్లలో ఇది మరీ నిజం. అందుకే ఇంకెవరో మోజుపడి డబ్బంతా పోసి, బిల్లులన్నీ ఫైల్లో పెట్టి, చివరికి ఓపిక లేక అమ్మేస్తున్న కారే అన్నిటికన్నా చవక. క్రోమ్ బంపర్ ఎంజీబీలకు గిరాకీ ఎక్కువ. 1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం నల్లటి రబ్బరు బంపర్లు పెట్టి, కారు ఎత్తు కూడా పెంచారు. చూడ్డానికి ముక్కు వాచినట్టుంటుంది, వంపుల్లో కొంచెం ఒరుగుతుంది. ఆ కారణంగానే చవకగా దొరుకుతుంది. షో కోసం కాకుండా నడపడానికి కొనేవాళ్లు దాన్ని చులకన చేయక్కర్లేదు.

కొత్త రోడ్‌స్టర్లలో ధర ఒక్కోదానిది ఒక్కో దారి. ఎస్2000 లాంటివి ఎప్పుడో పైకి ఎక్కడం మొదలుపెట్టాయి. 2005 తర్వాతి మూడో తరం ఎంఎక్స్-5కు అంత మోజు లేదు, నిశ్శబ్దంగా మంచి కారు అది. టైమింగ్ బెల్టు బదులు చైన్, లోపల కాస్త ఎక్కువ చోటు. అందాల పోటీలో వెనకబడిందని దాన్ని పక్కనపెట్టేవాళ్లు తెలివైన బేరం ఒకటి వదులుకుంటున్నట్టే.

తక్కువ తిరిగిన కారు అనగానే ఎగబడడం కూడా మంచిది కాదు. ఏళ్ల తరబడి నిలబెట్టిన కారులో సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో పెట్రోల్ జిగురవుతుంది, బ్రేకులు పట్టేసి ఉంటాయి, టైర్లు పైకి కొత్తగా కనిపిస్తూ లోపల గట్టిపడతాయి. టైరు పక్కన నాలుగు అంకెలు చూస్తే వయసు తెలుస్తుంది: 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. మిలమిలలాడే కారుకు పదిహేనేళ్ల టైర్లు ఉన్నాయంటే ఓనర్ దాన్ని ఎలా చూసుకున్నాడో ఇంకేమీ అడగక్కర్లేదు.

ఇంట్లో ఇంకో కారు ఉండి, ఆదివారం పొద్దున్న చేతికి గ్రీజు అంటుకోవడమే విశ్రాంతి అనుకునేవాళ్లకు ఎంజీబీ తగిన తోడు. టీఆర్6 అంతకన్నా కొంచెం మొండిది, ఆరు సిలిండర్ల మోత కోసం ఆ మొండితనం భరించవచ్చు. అదే ఆదివారం టాప్ తీసి నాలుగు గంటలు తిరిగి, ఇంటికొచ్చి తాళం కొక్కేనికి తగిలించి మరిచిపోవాలనుకుంటే ఎంఎక్స్-5కు మించింది లేదు. దాన్ని "మామూలు సమాధానం" అని వెక్కిరించేవాళ్లు చాలామంది ఆఖరికి అదే కొంటారు. జెడ్4, బాక్స్‌స్టర్ తీసుకునేవాళ్లు కారు ధరతో పాటు ఒక పెద్ద రిపేరుకు సరిపడా డబ్బు పక్కన ఉంచుకోగలిగితేనే దిగాలి. రెండూ కావాలి అనేవాళ్లకు మధ్యలో ఒక దారి ఉంది: 1989–97 నాటి మొదటి తరం ఎంఎక్స్-5. పైకి లేచే హెడ్‌లైట్లు, తక్కువ బరువు, డబ్బాల గొడవ తక్కువ, వయసు ముప్పై చుట్టుపక్కల. చాలా చోట్ల క్లాసిక్ అనే పిలుస్తున్నారు. సిల్ చివరలు బాగున్నది దొరకడమే కష్టం.

ఏది చూడ్డానికి వెళ్లినా పొద్దున్నే వెళ్లాలి, ఇంజన్ ముందుగా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు చెప్పి వెళ్లాలి. చల్లటి ఇంజన్ అబద్ధం ఆడలేదు. ఎంజీబీ చోక్‌తో అందుకుందా, నీలిపొగ వదిలిందా, వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు 50 దగ్గర నిలబడిందా అన్నవి అప్పుడే తెలుస్తాయి. ఎంఎక్స్-5 ఇంజన్ పైభాగంలో టకటకలు నిమిషంలో ఆగాయా, పది నిమిషాలైనా కొట్టుకుంటున్నాయా అన్నదీ అప్పుడే. చేరగానే, కరచాలనానికి ముందు, మాటల్లో పడకముందే, బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా తగిలితే మర్నాడు వస్తామని చెప్పి వెనక్కి వచ్చేయొచ్చు.